చెల్లికి లూపస్, మూడు యాంటీబాడీలూ పాజిటివ్: రక్తం ఆలస్యంగా గడ్డకడుతోందని ఒకరు, క్లాట్ రిస్క్ అని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

ఖమ్మం అక్క:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా చెల్లికి 27 ఏళ్లు. లూపస్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థ మన ఒంటి మీదే తిరగబడే జబ్బు) ఉందని తెలిసి మూడేళ్లు దాటింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజూ వేసుకుంటోంది, కీళ్ల నొప్పులు, ముఖం మీద మచ్చలు చాలావరకు అదుపులోనే ఉన్నాయి. ఈమధ్య చెకప్‌కి వెళ్తే రుమటాలజీ డాక్టరు గారు కొత్తగా కొన్ని టెస్టులు రాశారు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పాజిటివ్, యాంటీ కార్డియోలిపిన్ ఐజీజీ 68, బీటా-2 గ్లైకోప్రోటీన్ ఐజీజీ కూడా బాగా ఎక్కువ. ఈ మూడింటినీ కలిపి యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు అంటారట. మూడు నెలలాగి మళ్లీ చేయించమన్నారు. చేయించాం, మళ్లీ అంతే. ఇప్పటిదాకా దానికి ఎక్కడా క్లాట్ రాలేదు, పిల్లలు ఇంకా లేరు. డాక్టరు గారు ఎకోస్ప్రిన్ 75 (తక్కువ డోసు ఆస్పిరిన్) మొదలుపెట్టి, మానకుండా వేసుకోమన్నారు.

ఇంతవరకు బాగానే ఉంది. జ్వరం వచ్చిందని మా ఊళ్లో ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారి దగ్గరికి వెళ్లి ఇవే రిపోర్టులు చూపిస్తే ఆయన కంగారు పడ్డారు. ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే టైమ్ చూసే టెస్టు) 52 సెకన్లు ఉంది, కంట్రోల్ (ఆరోగ్యవంతులది) 30 ఏమో. ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు. "రక్తం గడ్డకట్టడానికే ఇంత టైమ్ పడుతుంటే, ప్లేట్‌లెట్లు కూడా తక్కువుంటే, పైన ఎకోస్ప్రిన్ ఎవరిచ్చారమ్మా, బ్లీడింగ్ అయితే ఎవరిది బాధ్యత, ఆపేయండి" అన్నారు. ఒకాయన రక్తం గడ్డకట్టేస్తుందంటారు, ఇంకొకాయన గడ్డకట్టదంటారు. ఒకే మనిషి, ఒకే రిపోర్టు. మేమేం చేయాలి?

నెట్‌లో చూస్తే పక్షవాతం, ఊపిరితిత్తుల్లో క్లాట్, గర్భం నిలవదు అని రాసుంది. అమ్మకు నిద్ర పట్టడం లేదు. ఈ యాంటీబాడీలుంటే క్లాట్ వచ్చి తీరుతుందా? ఇప్పట్నుంచే రక్తం పలచబడే మాత్రలు వేయాలా? ఇంకో సంగతి, వచ్చే నెల వాళ్ల అత్తగారింట్లో గృహప్రవేశం. తేదీ సరిగ్గా దాని నెలసరి మీద పడింది. అత్తగారు వాయిదా వేసే మాత్రలు తెప్పించి పెట్టారు, అవి వేసుకోవచ్చా? అది అయ్యాక మరిది గారి (చెల్లి భర్త) దగ్గరికి డల్లాస్ వెళ్లాలి, అంతసేపు ఫ్లైట్‌లో కూర్చోవడం గురించి కూడా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ల్యాబ్ మనిషి, విజయవాడ:

అమ్మా, ముందు ఆ ఏపీటీటీ సంగతి చెప్తాను. రోజూ ఆ మెషీన్ ముందే ఉంటాను కాబట్టి అది నాకు తెలిసిన విషయం. మందు ఆపాలా వద్దా అనేది మాత్రం రాసిన డాక్టరే చెప్పాలి.

ఏపీటీటీ అంటే ఒంట్లో రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే టెస్టు అనుకుంటారు అందరూ. నిజానికి అది ట్యూబులో జరిగేది. రక్తంలోంచి ప్లాస్మా వేరుచేసి, దానికి ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం, కాల్షియం కలుపుతాం. గడ్డకట్టించే ప్రొటీన్లు ఆ ఫాస్ఫోలిపిడ్ మీద కూర్చుని పని చేస్తాయి. మీ చెల్లిగారి రక్తంలో ఉన్న యాంటీబాడీలు వెళ్లి ఆ చోటును ఆక్రమించేస్తాయి, దాంతో ట్యూబులో గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. ఒంట్లో అలా కాదు. అక్కడ అవే యాంటీబాడీలు రక్తనాళాల లోపలి పొర మీద, ప్లేట్‌లెట్ల మీద అతుక్కుని వాటిని రెచ్చగొడతాయి, గడ్డకట్టే వైపు తోస్తాయి. అందుకే రిపోర్టులో టైమ్ పెరిగి కనిపిస్తుంది, మనిషికి మాత్రం క్లాట్ రిస్క్ ఉంటుంది. రెండూ ఒకే యాంటీబాడీ పనులే.

ఇది తేల్చుకోవడానికి మేం ఒక పని చేస్తాం. పేషెంటు ప్లాస్మాను ఆరోగ్యవంతుల ప్లాస్మాతో సగం సగం కలిపి మళ్లీ టైమ్ చూస్తాం. ఏదైనా ప్రొటీన్ తక్కువై ఆలస్యం అవుతుంటే, బయటి ప్లాస్మా ఆ లోటు తీరుస్తుంది, టైమ్ నార్మల్‌కి వచ్చేస్తుంది. కలిపినా టైమ్ తగ్గకపోతే అడ్డుపడేది ఏదో ఉందని అర్థం. అప్పుడు ఫాస్ఫోలిపిడ్ ఎక్కువ పోసి చూస్తాం. దాంతో టైమ్ తగ్గితే అది లూపస్ యాంటీకోయాగ్యులెంటే. డీఆర్‌వీవీటీ అని మీ రిపోర్టులో ఉండాలి చూడండి, దాని లెక్క కూడా ఇదే.

మీ ఊరి డాక్టరు గారికి వచ్చిన అనుమానం ఈరోజుది కాదు. 1952లో అమెరికాలో కాన్లీ, హార్ట్‌మన్ అనే డాక్టర్లు లూపస్ పేషెంట్లలో దీన్ని మొదట గమనించినప్పుడు దాన్ని రక్తస్రావం జబ్బుగానే రాశారు. క్లాట్లతో సంబంధం ఉందని తెలియడానికి ఇంకో పదేళ్లు పట్టింది. కాబట్టి ఆయన్ని తప్పు పట్టక్కర్లేదు, కానీ ఆయన మాట మీద ఎకోస్ప్రిన్ ఆపకండి, రుమటాలజీ వాళ్లకి ఒక ఫోన్ కొట్టండి. ఒక్కటి మాత్రం అడగండి: పీటీ (గడ్డకట్టే టైమ్ చూసే ఇంకో టెస్టు) ఎంత వచ్చింది? లూపస్ ఉన్నవాళ్లలో చాలా అరుదుగా ప్రోత్రాంబిన్ అనే ప్రొటీన్ కూడా పడిపోతుంది, అప్పుడు నిజంగానే బ్లీడింగ్ అవుతుంది. పీటీ నార్మల్‌గా ఉంటే ఆ భయం చాలావరకు లేనట్టే.

శాంపిల్ గురించి కూడా చెప్పాలి, ఇది ఎవరూ పట్టించుకోరు. ఈ టెస్టుకి లేత నీలం మూత ట్యూబులో, గీత దాకా నిండుగా రక్తం తీయాలి. తక్కువ తీస్తే గడ్డకట్టకుండా అందులో వేసి ఉంచే సిట్రేట్ పాళ్లు ఎక్కువై టైమ్ దానంతటదే పెరుగుతుంది. ప్లాస్మాను రెండుసార్లు తిప్పి ప్లేట్‌లెట్లు పూర్తిగా తీసేయాలి, లేకపోతే ఆ ప్లేట్‌లెట్లలోని ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీని కప్పేసి తప్పుగా నెగెటివ్ వస్తుంది. ఇదంతా కొన్ని గంటల్లోనే అయిపోవాలి. వీధి చివర కలెక్షన్ సెంటర్లో ఉదయం ఇచ్చిన శాంపిల్ సాయంత్రం బండి వచ్చేదాకా అక్కడే ఉంటే ఆ రిపోర్టుని నేను నమ్మను. హెపారిన్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతూ ఈ టెస్టు ఇస్తే కూడా తేడాలొస్తాయి, ఏ మందులు వాడుతున్నారో ఫారమ్ మీద రాయించండి. మీవి రెండుసార్లూ ఒకేలా వచ్చాయి, మిగతా రెండు యాంటీబాడీలు కూడా ఎక్కువే కాబట్టి మీ విషయంలో నాకు పెద్దగా అనుమానం లేదు.

ఇంకోటి, రేపు గర్భం వచ్చినప్పుడు వీడీఆర్‌ఎల్ టెస్టు చేస్తారు, సుఖవ్యాధి ఉందా అని. ఆ టెస్టులో వాడేది కార్డియోలిపినే. ఈ యాంటీబాడీలున్నవాళ్లకి జబ్బు లేకపోయినా పాజిటివ్ వచ్చే అవకాశం ఉంది. ఆ కాగితం చూసి ఇళ్లలో గొడవలైన సంగతులు మా కౌంటర్ దగ్గరే చూశాను, ఒకమ్మాయి అక్కడే కూలబడి ఏడ్చింది. టీపీహెచ్‌ఏ (ఆ సుఖవ్యాధిని తేల్చే ఇంకో టెస్టు) చేయిస్తే నెగెటివ్ వస్తుంది, విషయం తేలిపోతుంది. ముందే ఇంట్లో చెప్పి ఉంచండి.

గుంటూరు కారం:

అక్కా, నేను ఈ యాంటీబాడీల జబ్బుతోనే ఉన్నాను, కాబట్టి మొట్టమొదట ఆ వాయిదా మాత్రల గురించి చెప్తా, మిగతావన్నీ తర్వాత. వద్దు. అత్తగారికి ఎంత బాధ కలిగినా సరే, వద్దు. మెడికల్ షాపులో చీటీ కూడా అడక్కుండా ఇచ్చేస్తారు, బీపీ మాత్రో గ్యాస్ మాత్రో అన్నట్టు. పెళ్లిళ్లు, వ్రతాలు, తిరుపతి ప్రయాణం, దేనికైనా అవే. మీ చెల్లి లాంటి అమ్మాయికి అవి ఆడుకునే మందులు కావు. గృహప్రవేశం ఇంకో ముహూర్తంలో చేసుకోవచ్చు, లేదా ఆ పిల్ల పీటల మీద కూర్చోకపోతే ఏమీ కాదు, కొంపలేం మునగవు.

నా కథ చెప్తాను, భయపెట్టడానికి కాదు. మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. స్కాన్‌లో గుండె చప్పుడు లేదన్నారు. ఎందుకు పోయిందని ఎవరూ ఏ టెస్టూ రాయలేదు, "మీ వయసెంత, మళ్లీ ట్రై చేయండి" అని పంపేశారు. ఆ తర్వాత కొన్ని వారాలకు ఎడమ కాలి పిక్క పట్టేసినట్టు మొదలైంది. రెండు రోజుల్లో ఆ కాలు చీలమండ నుంచి మోకాలి పైదాకా బిగుసుకుపోయి నున్నగా మెరుస్తోంది, రెండో కాలు పక్కన పెట్టి చూస్తే తేడా ఎంతో గుడ్డివాడికైనా తెలుస్తుంది. దగ్గర్లో చూపిస్తే కండరం పట్టేసిందని నొప్పి ఇంజెక్షన్ ఇచ్చారు. మా పిన్ని ఆవనూనె వేడిచేసి మర్దన చేస్తానని కూర్చుంది, నేను ముట్టుకోనివ్వలేదు, అంత నొప్పి. ఆ రాత్రి ఊపిరి పీలిస్తే ఛాతీలో కత్తి దిగినట్టు పొడిచింది. కాలి డాప్లర్, ఛాతీ సీటీ చేస్తే కాల్లో క్లాట్, అందులోంచి ఒక ముక్క ఊపిరితిత్తికి వెళ్లిపోయింది. అప్పుడు చేశారు ఈ యాంటీబాడీ టెస్టులు.

అప్పట్నుంచి ఎసిట్రోమ్ (వార్ఫరిన్ రకం, రక్తం పలచబడే మాత్ర) మీద ఉన్నాను. ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే లెక్క) రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి, ఒక చిన్న పుస్తకంలో తేదీ, ఐఎన్ఆర్, డోసు రాసుకుంటా. గోంగూర, తోటకూర మానేయమని చాలామంది చెప్తారు, నేను మానలేదు. ఆకుకూర వారంలో ఎంత తింటామో అంతే తింటూ ఉంటే డోసు దానికి సర్దుకుంటుంది. ఒక వారం రోజూ మునగాకు పప్పు, తర్వాతి వారం అసలు లేదు అంటేనే ఐఎన్ఆర్ కిందా మీదా అవుతుంది. దానికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది మందుల దగ్గర. విరేచనాలకని మెట్రోనిడజోల్ ఇచ్చినా, ఫంగస్‌కి ఫ్లూకోనజోల్ ఇచ్చినా ఐఎన్ఆర్ ఎగిరిపోతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నేను ముట్టుకోను. ఏ డాక్టరు గది లోపలికి వెళ్లినా కూర్చోకముందే "నేను ఎసిట్రోమ్ మీద ఉన్నాను" అని చెప్తాను.

కానీ నాది క్లాట్ వచ్చిన కేసు. మీ చెల్లికి రాలేదు. ఈ రెండింటికీ మందు ఒకటే కాదని మా డాక్టరు గారు చాలాసార్లు చెప్పారు.

ఎడిసన్ బావ:

మా బావమరిదికి ఇక్కడ న్యూజెర్సీలో కాల్లో క్లాట్ వస్తే రివరోక్సాబాన్ అని రక్తం పలచబడే కొత్తరకం మాత్ర ఇచ్చారు. రోజుకి ఒక మాత్ర, టెస్టుల్లేవు, తిండి పథ్యం లేదు, హాయిగా ఉన్నాడు. ఇండియాలో ఇంకా ఈ పాత వార్ఫరిన్, ఎసిట్రోమ్ పట్టుకుని వారం వారం సూదులు గుచ్చుకోవడం ఎందుకు? గుంటూరు అమ్మగారూ, మీరు కూడా మీ డాక్టర్ని మార్చమని గట్టిగా అడగండి. ఖమ్మం అక్క గారి చెల్లి డల్లాస్ వస్తున్నారుగా, వచ్చాక ఇక్కడే మొదలుపెట్టించుకోవచ్చు.

రుమటాలజీ పీజీ:

ఎడిసన్ గారూ, మీ బావమరిది గారికి అది మంచి మందే కావచ్చు, ఆయనకి ఈ యాంటీబాడీలు లేకపోతే. కానీ ఇక్కడ ఆ సలహా ప్రమాదకరం, అందుకే వివరంగా రాస్తున్నాను, దయచేసి ఎవరూ ఇది చదవకుండా మందు మార్చుకోవద్దు.

మూడు యాంటీబాడీలూ పాజిటివ్ ఉండి, ఒకసారి క్లాట్ వచ్చినవాళ్లలో రివరోక్సాబాన్‌నీ వార్ఫరిన్‌నీ పోల్చి ఇటలీలో ఒక ట్రయల్ చేశారు, 2018లో ఫలితాలు వచ్చాయి. 120 మంది మీద చేశారు. రివరోక్సాబాన్ వాడిన 59 మందిలో ఏడుగురికి మళ్లీ క్లాట్ వచ్చింది, నలుగురికి పక్షవాతం, ముగ్గురికి గుండెపోటు. వార్ఫరిన్ వాడిన 61 మందిలో ఒక్కరికీ రాలేదు. తేడా అంత స్పష్టంగా కనిపించేసరికి ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ ఈ జబ్బున్నవాళ్లకి, ముఖ్యంగా మూడూ పాజిటివ్ ఉన్నవాళ్లకి ఈ కొత్తరకం మందులు వద్దని చెప్పింది. రివరోక్సాబానే కాదు, అపిక్సాబాన్, డాబిగాట్రాన్ కూడా. క్లాట్ వచ్చిందని రివరోక్సాబాన్ మొదలుపెట్టి, ఆ తర్వాత ఎప్పుడో యాంటీబాడీ టెస్టు పాజిటివ్ వచ్చినవాళ్లు మా ఓపీకి వస్తుంటారు. వాళ్లని వార్ఫరిన్‌కి మారుస్తాం. గుంటూరు కారం గారూ, మీ పాత మాత్రనే పట్టుకోండి.

ఇప్పుడు ఖమ్మం అక్క గారి ప్రశ్నకి. క్లాట్ వచ్చి తీరుతుందా? లేదు. ఈ యాంటీబాడీలు అందరిలోనూ ఒకేలా ప్రవర్తించవు. యాంటీ కార్డియోలిపిన్ ఒక్కటే, అదీ కొద్దిగా పాజిటివ్ వస్తే, ఏదో జ్వరం, ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చి పోయేది కావచ్చు. అందుకే 12 వారాలు ఆగి మళ్లీ చేయమంటాం. మీ చెల్లిది అలాంటిది కాదు. మూడూ పాజిటివ్, 40 యూనిట్లు దాటి ఎక్కువగా, రెండుసార్లూ. పైగా లూపస్ ఉంది. ఇది ఎక్కువ రిస్క్ వర్గం, తక్కువ చేసి చెప్పను. ఇలా మూడూ పాజిటివ్ ఉండి అప్పటిదాకా క్లాట్ రాని 104 మందిని ఇటలీలోనే కొన్నేళ్లు గమనించి 2011లో రాశారు. ఏడాదికి సుమారు నూటికి ఐదుగురికి మొదటి క్లాట్ వచ్చింది. పదేళ్లకి లెక్కగడితే 37 శాతం. చాలా ఎక్కువే. కానీ పదేళ్లు గడిచినా మూడింట రెండు వంతుల మందికి దగ్గరగా ఏ క్లాటూ రాలేదన్నది కూడా అదే లెక్క. అమ్మగారికి ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పండి.

క్లాట్ రాని మనిషికి వార్ఫరిన్ పెట్టం, దాని బ్లీడింగ్ రిస్క్ ఊరికే తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది. తక్కువ డోసు ఆస్పిరిన్ ఇస్తాం. ఆస్పిరిన్ ఎంతవరకు ఆపుతుందనే దాని మీద గట్టి రుజువులున్నాయని నేను అనను, కానీ ఇలాంటి ఎక్కువ రిస్క్ వాళ్లకి ఇవ్వమని యూరప్ రుమటాలజీ సంఘం 2019లో సిఫార్సు చేసింది, మేమూ ఇస్తున్నాం. హైడ్రాక్సీక్లోరోక్విన్ మానకపోవడం దానితో సమానంగా ముఖ్యం, లూపస్‌ని అదుపులో ఉంచడంతోపాటు క్లాట్లు తగ్గించడంలోనూ దానికి పాత్ర ఉన్నట్టు కనిపిస్తోంది. కళ్లు పరీక్ష చేయించుకుంటూ వాడాలి.

ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు. ఈ జబ్బులో ప్లేట్‌లెట్లు కొంచెం తగ్గడం మామూలే, తగ్గాయి కదా క్లాట్ రాదులే అనుకోవడానికి లేదు. ఆ సంఖ్యకి ఎకోస్ప్రిన్ ఆపక్కర్లేదు. కానీ వానాకాలంలో జ్వరం వస్తే మాత్రం డెంగీ టెస్టు చేయించి, ఆస్పిరిన్ సంగతి అదే రోజు అడగండి. డెంగీ తేలితే ఆస్పిరిన్ ఆపించే అవకాశం ఎక్కువ.

వాయిదా మాత్రల విషయంలో గుంటూరు కారం గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఎక్కువగా అమ్మేది నోరెథిస్టిరాన్, 5 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు. అది ప్రొజెస్టిరాన్ రకం కాబట్టి సేఫ్ అనుకుంటారు, కానీ ఆ డోసులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది, అదీ గర్భనిరోధక మాత్రల్లో ఉండే రకం. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కూడా మీ చెల్లికి పనికిరావు. పిల్లలు ఆలస్యం అనుకుంటే కాపర్ టీ లాంటివి గైనకాలజిస్టుతో మాట్లాడుకోవచ్చు.

ఆ యాంటీబాడీలు ఎప్పుడూ ఒంట్లో ఉంటాయి, కానీ క్లాట్ మాత్రం ఎక్కువసార్లు ఇంకేదో తోడైనప్పుడు వస్తుంది. ఆపరేషన్, ఎక్కువ రోజులు మంచం మీద ఉండటం, పెద్ద ఇన్‌ఫెక్షన్, కాన్పు, ఈస్ట్రోజన్, సిగరెట్లు, బీపీ. యాంటీబాడీలను మనం తీసేయలేం, ఈ తోడయ్యేవాటిని తగ్గించగలం. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడవడం, ఉన్నట్టుండి ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఎన్నడూ లేనంత తలనొప్పి వాంతులతో వచ్చి తగ్గకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. రిపోర్టు జిరాక్సు పట్టుకుని ఎమర్జెన్సీకి వెళ్లండి, మొదటి మాటగా "యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నాయి" అని చెప్పండి. 27 ఏళ్ల అమ్మాయికి పక్షవాతమేంటి, ఊపిరితిత్తుల్లో క్లాటేంటి అని తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది, ఆ ఒక్క మాట వాళ్ల ఆలోచన మారుస్తుంది.

ఖమ్మం అక్క:

అందరికీ చేతులెత్తి దండం. పీటీ చూశాను, 13 సెకన్లే, నార్మల్ అనే రాసుంది. రుమటాలజీ డాక్టరు గారికి వాట్సాప్ పెడితే ఎకోస్ప్రిన్ కంటిన్యూ అన్నారు. వాయిదా మాత్రలు అత్తగారికి తిరిగిచ్చేసింది. ఆవిడ కాస్త ముఖం ముడుచుకున్నారట గానీ మరిది గారు ఫోన్లో గట్టిగానే చెప్పారు.

గుంటూరు కారం గారూ, మీకు తర్వాత పిల్లలు పుట్టారా? అడగకూడదేమో, క్షమించండి. మా చెల్లి నన్ను అడిగేది ఇదొక్కటే.

గుంటూరు కారం:

అడక్కూడదేంటక్కా, అది చెప్పడానికే కదా ఇక్కడున్నది. పుట్టింది, బంగారం లాంటి పిల్ల, యూకేజీ చదువుతోంది.

ఎసిట్రోమ్ గర్భంలో పనికిరాదు, బిడ్డకి అవకరాలు రావచ్చు, ముఖ్యంగా ఆరో వారం నుంచి పన్నెండో వారం మధ్య. అందుకని నాకు నెల తప్పగానే అది ఆపి ఇనాక్సాపారిన్ (హెపారిన్ రకం) ఇంజెక్షన్లకి మార్చారు, ఎకోస్ప్రిన్ తోడు. పొట్ట మీద పక్కకి, బొడ్డుకి దూరంగా, చర్మం మడత పట్టుకుని నిటారుగా గుచ్చాలి. ముందే నింపి వచ్చే సిరంజిలో చిన్న గాలి బుడగ ఉంటుంది, దాన్ని బయటికి తోయకూడదు, తోస్తే మందు కూడా పోతుంది. గుచ్చాక రుద్దకూడదు, రుద్దితే నీలంగా కమిలిపోతుంది. మొదట్లో మా ఆయన చేతులు వణికేవి, తర్వాత నేనే వేసుకున్నా, టీ పెట్టుకున్నంత మామూలైపోయింది. ఖర్చు మాత్రం బాగా ఎక్కువ, ముందే లెక్క చూసుకోండి.

నాకు క్లాట్ వచ్చింది కాబట్టి డోసు ఎక్కువ, రోజుకి రెండు. మీ చెల్లికి ఎంత, ఎప్పట్నుంచి అనేది వేరే లెక్క ఉంటుంది. కాన్పుకి ముందు ఇంజెక్షన్ ఆపే టైమ్ కూడా ముందే మాట్లాడుకోవాలి, వెన్నుకి మత్తు ఇవ్వాలంటే మా వాళ్లు ఒక రోజు ముందే ఆపించారు. కాన్పయ్యాక మళ్లీ ఎసిట్రోమ్‌కి వచ్చేశాను, పాలిస్తూ వేసుకోవచ్చన్నారు, ఇచ్చాను.

రుమటాలజీ పీజీ:

దీనికి ఒక ముక్క కలుపుతాను. వరుసగా గర్భాలు పోయిన ఈ యాంటీబాడీల మహిళల మీద 1997లో లండన్‌లో ఒక ట్రయల్ చేశారు. ఆస్పిరిన్ ఒక్కటే ఇస్తే 42 శాతం మందికి బిడ్డ దక్కింది, హెపారిన్ కూడా కలిపితే 71 శాతం మందికి. చెల్లిగారికి ఇప్పటిదాకా గర్భం పోలేదు, క్లాట్ లేదు కాబట్టి ఆస్పిరిన్‌తోపాటు హెపారిన్ కావాలా లేదా అనేది అప్పుడు తేలుస్తారు. కాన్పు తర్వాత ఆరు వారాలు మాత్రం క్లాట్ రిస్క్ బాగా ఎక్కువ, ఆ రోజులకి హెపారిన్ గురించి తప్పక అడగండి. అసలు నెల తప్పకముందే వెళ్లాలి. లూపస్ కనీసం ఆరు నెలలు నెమ్మదించి ఉండాలి, కిడ్నీ, బీపీ చూసుకోవాలి. యాంటీ రో, యాంటీ లా అనే ఇంకో రెండు యాంటీబాడీలు కూడా చూపించుకోండి, అవి ఉంటే కడుపులో బిడ్డ గుండె కొట్టుకునే తీరు మీద నిఘా పెట్టాల్సి ఉంటుంది.

ఫ్లైట్: నడవా పక్క సీటు తీసుకోండి, గంటకోసారి లేచి నడవాలి, నీళ్లు బాగా తాగాలి, మోకాలి కింద దాకా వచ్చే కంప్రెషన్ సాక్స్ కొలత చూసి కొనండి. ఇంత దూరప్రయాణం కాబట్టి ఎక్కే ముందు ఒక హెపారిన్ ఇంజెక్షన్ అవసరమా అని మీ డాక్టర్ని అడగండి, కొందరికి ఇస్తాం. డల్లాస్‌లో దిగిన వెంటనే కాకపోయినా మొదటి నెలలోనే అక్కడ రుమటాలజిస్టు అపాయింట్‌మెంట్ పెట్టించండి, అక్కడ కొత్త పేషెంటుగా తొందరగా దొరకదు.

ఎడిసన్ బావ:

డాక్టరు గారూ, ఆ ట్రయల్ సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు థాంక్స్. మా బావమరిదికి కూడా ఈ యాంటీబాడీ టెస్టులు చేశారో లేదో ఈ రాత్రికే అడుగుతాను, వాడికి 34 ఏళ్లు, క్లాట్ ఏ కారణం లేకుండా వచ్చిందన్నారు. ఇంకో ప్రశ్న, ఇక్కడ వార్ఫరిన్ వాళ్లు ఇంట్లోనే వేలికి గుచ్చి ఐఎన్ఆర్ చూసుకునే మెషీన్ వాడతారు. ఒకవేళ అవసరమైతే వాడికి అది కొనచ్చా?

ల్యాబ్ మనిషి, విజయవాడ:

లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఉంటే ఆ చిన్న మెషీన్‌ని నమ్ముకోవద్దండి. నేను పైన చెప్పిన అడ్డంకి ఆ స్ట్రిప్‌లో కూడా జరుగుతుంది, ఐఎన్ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మెషీన్ నాలుగు అంటుంది, నరంలోంచి తీసి ల్యాబులో చేస్తే రెండున్నరే ఉంటుంది. ఆ నాలుగు చూసి మాత్ర తగ్గిస్తే మనిషి మందు లేనట్టే తిరుగుతుంటాడు. ముందు యాంటీబాడీ టెస్టు చేయించండి. రివరోక్సాబాన్ వాడుతూ చేస్తే డీఆర్‌వీవీటీ తప్పుగా పాజిటివ్ రావచ్చు కాబట్టి ఆ మాట అక్కడి ల్యాబుకి చెప్పండి. కార్డియోలిపిన్, బీటా-2 టెస్టులకి మాత్రం ఆ ఇబ్బంది లేదు, అవి మందు వాడుతూ కూడా చేయించుకోవచ్చు. టెస్టు కోసమని రివరోక్సాబాన్‌ని ఆయనంతట ఆయన ఆపకూడదు.